బాధకు అర్థం చెప్పే అధికారం ఎవరిది?
(గుర్రం జాషువా స్మారకోపన్యాస పాఠం)

మహాకవి గుర్రం జాషువా స్మృతిలో జరిగే సభలో క్రైస్తవం గురించి మాట్లాడతానంటే, ఆయన్ను ఒక మతానికి కట్టేయడానికి వచ్చాననుకునేవాళ్లు ఉంటారు. ఆయన అలా కట్టుబడే మనిషి కాడు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు. అదే కవి అంటరానివాడి గోడు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కబురు కాశీ విశ్వనాథుడికి పంపించాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదు కనక అదే దూత అయింది. ఆ కావ్యంలోని ఒక్క సంగతి చాలు నాకు ఈ పూట. కబురు పంపినవాడు ఓదార్పు అడగలేదు. నీ పేదరికానికి కర్మే కారణమని తీర్పు చెప్పి తన నోరు మూయించిన పెద్దల మీద ఫిర్యాదు చేశాడు. ఆ తీర్పుకు ఆధారమేమిటో దేవుడే తేల్చాలన్నాడు. బాధ పడేవాడొకడు, దానికి అర్థం చెప్పేవాడు ఇంకొకడు. వీళ్లిద్దరి మధ్య తగవే నేటి విషయం. క్రైస్తవంలో బాధకు అర్థం ఉందా అని అడిగేవాళ్లు చాలామంది. అంతకంటే ముందు తేలాల్సింది ఆ అర్థం ఎవరు చెప్పాలన్నది. నాకు అర్థమైనంతలో బైబిలు ఆ అధికారాన్ని పడినవాడికే ఇస్తుంది, చూసేవాడికి ఇవ్వదు. చూసేవాడికి అది వేరే పని అప్పగిస్తుంది.

మొదటి ఆధారం యోబు గ్రంథం. మన సంఘాల్లో యోబు అంటే ఓర్పుకు మారుపేరు. ఆ పేరు మొదటి రెండు అధ్యాయాల యోబుకే చెల్లుతుంది. మూడో అధ్యాయంలో తను పుట్టిన రోజును శపిస్తూ నోరు విప్పాక ముప్పై ఒకటో అధ్యాయం దాకా ఆయన చేసింది వాదన. దేవుడితోనే వ్యాజ్యం వేసుకున్నాడు. చూడవచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట మంచి పనే చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారు. చెడిందల్లా మాటలు మొదలుపెట్టాకే. వాళ్లేమీ తెలివితక్కువ మాటలు అనలేదు. దేవుడు న్యాయవంతుడు, న్యాయవంతుడు ఊరికే శిక్షించడు, నీకు శిక్ష పడింది కనక నువ్వేదో చేసే ఉంటావు. ఈ తర్కంలో లొసుగు పట్టుకోవడం తేలిక కాదు. వాళ్ల మాటల్ని విడదీసి చూస్తే చాలావరకు ఏ ఆదివారం ప్రసంగంలోనైనా అతికినట్టు ఇమిడిపోతాయి. అయినా నలభై రెండో అధ్యాయంలో దేవుడికి కోపం వచ్చింది ఆ ముగ్గురి మీదే. తన గురించి సరిగా మాట్లాడింది యోబు తప్ప వీళ్లు కాదని తేల్చేశాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు ఓడిపోయారు, దేవుణ్ణి నిలదీసినవాడు గెలిచాడు. ఇంకో విశేషం కూడా ఉంది. ఇదంతా ఎందుకు జరిగిందో పాఠకుడికి మొదటి అధ్యాయంలోనే తెలుసు. పరలోకంలో జరిగిన సంవాదం మనం చదివాం. యోబుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. దేవుడు సుడిగాలిలోంచి నాలుగు అధ్యాయాల పాటు మాట్లాడి కూడా ఆ ముక్క చెప్పలేదు. కారణం తెలిసిన దేవుడే చెప్పకుండా ఊరుకున్నచోట, తెలియని మిత్రులు ఊహించి చెప్పారు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, పాతదే. చివరికి యోబుకు ఏడు వేల గొర్రెల బదులు పద్నాలుగు వేలు, మూడు వేల ఒంటెల బదులు ఆరు వేలు వచ్చాయి కదా. మంచివాడికి మంచి జరుగుతుందన్న మిత్రుల సిద్ధాంతమే గెలిచింది కదా అంటారు. గ్రంథంలో వరస గమనించాలి. మిత్రుల మీద తీర్పు ముందు వచ్చింది, ఆస్తి తర్వాత వచ్చింది. బూడిదలో కూర్చున్న యోబునే దేవుడు ఒప్పన్నాడు, ఒంటెలు తిరిగొచ్చిన యోబును చూసి కాదు. పైగా లెక్కలో ఒక చోట రెట్టింపు ఆగిపోయింది. పోయిన పిల్లలు పదిమంది, తర్వాత పుట్టినవాళ్లూ పదిమందే. పోయిన ఆ పదిమంది తిరిగి రాలేదు. ఏ నష్టపరిహారమూ పూడ్చలేని లోటు ఒకటి ఉందని ఈ కథ చెప్పినవాడికి తెలుసు.

యేసు మాటల్లోకి వస్తే ఇదే గీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు వేసిన ప్రశ్న మన ఊరి రచ్చబండ మీద కూడా వినిపించేదే: వీడు చేసిన పాపమా, వీడి తల్లిదండ్రులు చేసినదా? రెండూ కాదన్నాడాయన. ఆ వెంటనే దేవుడి పని ఇతనిలో కనబడాలన్నాడు కదా, అది అర్థం చెప్పడం కాదా అని అడగవచ్చు. నిజమే, కానీ ఆ మాట అన్నవాడు అక్కడితో ఆగలేదు. నేల మీద ఉమ్మి, బురద చేసి, కళ్లకు పూసి, కడుక్కోమని పంపాడు. వ్యాఖ్యానం ఒక్క వాక్యం, మిగిలిందంతా వైద్యం. లూకా పదమూడులో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది పోయిన ప్రమాదం ప్రస్తావనకు వస్తుంది. వాళ్లు మిగిలిన ఊరివాళ్లకంటే పాపులా అని తనే అడిగి, కాదని తనే చెప్పాడు. అక్కడితో ఆగకుండా మీ సంగతి మీరు చూసుకోండి అన్నట్టు వింటున్నవాళ్ల వైపు తిరిగాడు. ఎదుటివాడి బాధలో పాఠం వెతుక్కోబోయిన చెయ్యిని ఆయన వెనక్కి తిప్పి వాళ్ల గుండె మీదే పెట్టాడు. నాలుగు సువార్తల్లోనూ తన దగ్గరికి వచ్చిన ఏ రోగితోనూ, ఈ రోగం నీకు మంచిదే, ఉంచుకో అన్న సందర్భం లేదు. ఇంత పెద్ద మౌనాన్ని మన ప్రసంగకర్తలు ఎందుకు పట్టించుకోరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

తన బాధ దగ్గరికి వచ్చేసరికి ఆయనే ఎలా ఉన్నాడో చూడండి. గెత్సేమనే తోటలో, ఇది నా మీద నుంచి తొలగిపోతే బాగుండునని అడిగాడు. బాధను కోరుకున్నవాడు అలా అడగడు. ప్రధాన యాజకుడి ఇంట బంట్రోతు చెంపమీద కొడితే, నేను తప్పు మాట్లాడితే నిరూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని నిలదీశాడు. రెండో చెంప చూపించమన్న బోధకుడే ఆ రోజు కారణం అడిగాడన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇక సిలువ. మన తెలుగు సంఘాల్లో శ్రమల దినాలు నలభై గడిచి మంచి శుక్రవారం వస్తే పగలు పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. ఏడుగురు లేచి ఒక్కొక్కరు ఒక్కో మాట మీద చెబుతారు. మొదటి మాట క్షమాపణ, రెండోది దొంగకు అభయం. అవి దొరికినవాళ్లకు పండగే. నాలుగో మాట వంతు వచ్చినాయన ఇబ్బంది పడతాడు. ఎందుకు చెయ్యి విడిచావని దేవుణ్ణి అడిగిన కేక అది. చాలామంది ఆ పది నిమిషాలూ ఆ కేకకు కారణాలు చెప్పి దాని పదును తీసేస్తారు. ఆయన పలికింది ఇరవై రెండో కీర్తన మొదటి వాక్యం కదా, ఆ కీర్తన చివర స్తోత్రంతో ముగుస్తుంది కదా అని ముందుకు దూకుతారు. చివర ఏముందో తెలిసినా ఆయన ఎత్తుకున్నది మొదలునే. నూట యాభై కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఫిర్యాదులే. ఎనభై ఎనిమిదో కీర్తనకైతే చివరి వాక్యంలో కూడా వెలుగు రాదు, చీకటిలోనే ఆగిపోతుంది. ప్రార్థన పుస్తకంలో అలాంటిది ఉంచినవాళ్లు బాధపడేవాడి నోటికి తాళం వేయదలచుకోలేదు. జాషువా ఫిర్యాదు కూడా ఈ కోవకే చెందుతుందని నేననుకుంటాను, చిరునామా కాశీ అయినా.

మరి బాధలో మహిమ ఉందని పౌలు అనలేదా? అన్నాడు. తన శరీరంలో ఏదో ముల్లు ఉందని, తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నా తీయలేదని, ఆ బలహీనతలోనే బలం దొరికిందని కొరింథీయులకు రాశాడు. క్రీస్తు శ్రమల్లో మిగిలిన భాగం తన దేహంలో పూర్తవుతోందని కొలొస్సయులకు రాశాడు. శ్రమ ఓర్పును, ఓర్పు అనుభవాన్ని, అనుభవం ఆశను పుట్టిస్తుందని రోమీయులకు రాశాడు. వీటన్నిటిలో మాట్లాడేది నేను, మనం. దెబ్బలు తిన్నవాడు తన వీపు గురించి చెప్పుకుంటున్నాడు. అదే పౌలు ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించిన అధికారులు మర్నాడు గుట్టుగా వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు. మేం రోమా పౌరులం, మీరే వచ్చి బయటికి తీసుకెళ్లండన్నాడు. యెరూషలేములో కొరడా ఎత్తబోతే పౌరసత్వం గుర్తు చేశాడు. కైసరయలో గవర్నరు దగ్గర న్యాయం జరగదనిపించి చక్రవర్తికి అప్పీలు చేసుకున్నాడు. బాధలో అర్థం దొరికిందన్నవాడే తప్పించుకోగలిగిన బాధను చట్టం పట్టుకుని తప్పించుకున్నాడు. ఇందులో నాకు వైరుధ్యం కనిపించదు. దొరికిన అర్థం వేరు, బాధను కొనితెచ్చుకోవడం వేరు. ఇంగ్లిషు రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో బాధ సమస్య మీద ఒక పుస్తకం రాశాడు, దేవుడు బాధను ఎందుకు ఉంచాడో తేటగా వివరించాడు. 1960లో భార్య క్యాన్సర్‌తో పోయాక ఇంకో పుస్తకం రాసి మరుసటి ఏడు మారుపేరుతో అచ్చువేశాడు. అందులో వివరణ లేదు, తలుపు మీద బాదుతున్న మనిషి ఉన్నాడు. మొదటిది చదివి నేర్చుకున్నవాళ్లున్నారు. రెండోదాన్ని మాత్రం సొంత మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లు పదిలంగా దాచుకుంటారు.

ఇక్కడ కష్టమైన ఆక్షేపణ ఒకటుంది, దాటవేయడం కుదరదు. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయం దాసులతో మాట్లాడుతుంది: యజమాని వక్రబుద్ధి కలవాడైనా లోబడి ఉండండి, అన్యాయంగా దెబ్బలు తిని ఓర్చుకుంటే అది దేవుడి దృష్టిలో మెప్పు అని. ఇక్కడ మాట్లాడేది నేను కాదు, మీరు. అమెరికా బానిస యజమానులు ఇలాంటి వాక్యాలనే ఏరి వల్లింపజేశారు. మన దగ్గర ఇప్పటికీ మొగుడి చేత తన్నులు తిని పుట్టింటికి వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, ఇది నీ సిలువమ్మా, మోయాలి అని చెప్పి వెనక్కి పంపే పెద్దలు ఉన్నారు. ఆ పత్రిక రాసినవాడు చెప్పింది తప్పించుకునే దారి ఏదీ లేని రోమను బానిసకు. ఇది చెబుతున్న తను క్రీస్తు శ్రమలకు సాక్షినని ఐదో అధ్యాయంలో చెప్పుకున్నాడు. వాక్యం యజమానుల చేతికి కర్రగా ఇవ్వలేదు. ఇంతవరకు సమాధానం చెప్పగలను. దీంతో చిక్కు పూర్తిగా విడిపోయిందని మాత్రం అనను. నేను పట్టుకున్న సూత్రానికి ఈ అధ్యాయం లొంగదు. కానీ 2005లో గృహహింస చట్టం వచ్చిన దేశంలో, ఫోను చేస్తే పోలీసు వచ్చే ఊళ్లో, దారి లేనివాళ్లకు రాసిన మాటను దారి ఉన్న అమ్మాయికి అడ్డుగోడగా కట్టడానికి పేతురు సాక్షిగా నిలబడడు. సిలువ మోయమని యేసు అన్నది నిజమే, అది తన వెంట రాదలచినవాడితో అన్నాడు. ఒకరి సిలువ తెచ్చి మరొకరి భుజం మీద పెట్టింది మాత్రం రోమా సైనికులు. కురేనీయుడైన సీమోనును దారిన పోతుంటే పట్టుకున్నది వాళ్లే.

ప్రవక్తల సంగతేమిటని కొందరు అడుగుతారు. యెరూషలేము కూలింది పాపం వల్లేనని యిర్మీయా అనలేదా? అన్నాడు, కానీ తన ఊళ్లో నిలబడి, తన జనంతో పాటు ఆకలిలో ఉండి అన్నాడు. పైగా ప్రవక్తల వేలు ఎక్కువగా చూపింది పేదవాడి బాధకు కారకులైన వాళ్ల వైపు. కారణం వెతకొద్దని నేననడం లేదు. కారణం వెతికితే బాధ పెట్టినవాడు దొరుకుతాడు. పడినవాడి మీద అర్థం రుద్దితే పెట్టినవాడు తప్పించుకుంటాడు. ఈ తేడా ఎంత పెద్దదో మన గడ్డ మీదే ఒక కరువు చూపించింది.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని తుడిచిపెట్టిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. యాభై లక్షలకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. ఆ కరువుకు పైవాళ్ల దగ్గర అర్థాలకు కొదవ లేదు. జనాభా పెరిగితే ప్రకృతి సరిచేస్తుందని, ధర్మం పెడితే సోమరితనం పెరుగుతుందని, ధాన్యం ధరలో సర్కారు వేలు పెట్టకూడదని ఏలినవారి నమ్మకం. 1877 జనవరిలో కరువు పనుల తనిఖీకి వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. అంటే అరకిలో కూడా కాదు, అదీ రోజంతా మట్టి తవ్వినందుకు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ మనిషి దేహం దీంతో నిలవదని లెక్కలు చూపి పోట్లాడాడు. మద్రాసు ప్రభుత్వం కొన్ని నెలలకు ఆ కూలి పెంచక తప్పలేదు. సిద్ధాంతం చేతిలో ఉన్నవాడికి ఎదురుగా ఎండిన డొక్క కనిపించదన్నదానికి ఆ ఒక్క పౌను సాక్ష్యం.

అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడన్నది ఇక్కడ ప్రస్తుతం. పాదరీ కాకముందు సర్వే పని తెలిసినవాడు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన బోధకులు, చాలామంది మాదిగలు, మేస్త్రీలయ్యారు. చుట్టుపక్కల ఊళ్ల మాలమాదిగలు వచ్చి మట్టి తవ్వి కూలి తీసుకుని బతికారు. పస్తులున్న మనిషికి ప్రసంగం కాక పార చేతికివ్వడం నాకు మంచి వేదాంతంగా కనిపిస్తుంది. దీనికీ ఒక ఆక్షేపణ ఉంది: కరువును అడ్డం పెట్టుకుని మతం మార్చారని, అన్నం కోసం వచ్చిన క్రైస్తవులని. ఈ మాట తేలిగ్గా తీసేయకూడదు. ఆకలి, మతం ఒకే చోట కలిసినప్పుడు అనుమానం న్యాయమే. క్లౌకు కూడా ఆ అనుమానం ఉంది కనకే కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పని, సాయం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. బాప్తిస్మం ఇచ్చే బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ పొద్దు వాలేదాకా నిలబడ్డారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. ఇది చూసి, కరువు దేవుడు దున్నిన నాగలి అని చెప్పుకున్న మిషన్ పెద్దలు లేకపోలేదు. వాళ్ల మాట నేను ఒప్పుకోను, ఎలీఫజు మాట ఒప్పుకోనట్టే. ఆ కరువులో బిడ్డను పూడ్చిన తల్లి గుండ్లకమ్మలో దిగుతూ తన బతుకు గురించి ఏమనుకుందో అది ఆమె హక్కు. న్యూయార్కులో పత్రిక చదివి లక్షల చావుల్లో దేవుడి పథకం చూడడం ఆమె హక్కును లాక్కోవడమే.

బాధకు దానంతటదే ప్రయోజనం ఉందని, కనక బయటివాడు కూడా దాని అర్థం చెప్పవచ్చునని వాదించేవాళ్లకు గట్టి సాక్షి డాక్టర్ పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చాడు. చిత్తూరు జిల్లావాళ్లకు పెద్ద జబ్బంటే ఇప్పటికీ వేలూరే. కుష్ఠు వస్తే మాంసం కుళ్లి వేళ్లు ఊడిపోతాయని అప్పటి నమ్మకం. బ్రాండ్ చూసింది వేరు. రోగం నరాన్ని చంపుతుంది, స్పర్శ పోతుంది, ఆ తర్వాత చెయ్యిని పాడుచేసేది రోజువారీ పనే. తుప్పుపట్టిన తాళం తను తిప్పలేకపోతే ఒక కుర్రాడు ఇట్టే తిప్పేశాడు. చూస్తే వేలు ఎముకదాకా తెగింది, కుర్రాడికి తెలియలేదు. రాత్రి పడుకున్నవాళ్ల వేళ్లు తెల్లారేసరికి పొట్టిగా ఉంటే కాపలా కాసి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రలో ఎవరికీ నొప్పి తెలియడం లేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లే రోగికి పిల్లిని కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. తర్వాత అమెరికాలో నొప్పి బదులు హెచ్చరిక ఇచ్చే చేతి తొడుగు తయారుచేయబోతే, పని ఆపడం ఇష్టంలేనివాళ్లు హెచ్చరికనే ఆపుకున్నారు. నొప్పి ఒక వరమని బ్రాండ్ తేల్చాడు, 1993లో పుస్తకం రాశాడు. ఒప్పుకుంటాను. కానీ హెచ్చరిక వేరు, అర్థం వేరు. మరణశయ్య మీద క్యాన్సర్ రోగి నొప్పి దేన్నీ హెచ్చరించదు, చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసి కూడా కూస్తూనే ఉంటుంది. బ్రాండ్ జీవితం ఏ పనిలో గడిచిందో కూడా చూడాలి: వంకరపోయిన వేళ్లకు కండర స్నాయువులు మార్చి కుట్టడంలో, మొద్దుబారిన పాదాలకు మెత్తటి చెప్పులు చేయించడంలో. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతులు నడిపిన కుష్ఠు ఆస్పత్రికి విరాళమిచ్చింది రాజా నర్సాగౌడ్, క్రైస్తవుడు కాడు. ఇది పూర్వజన్మ పాపమా, ఆదాము పాపమా అన్న చర్చ తెగితేనే ఇస్తానని ఆయన కూర్చుని ఉంటే ఆస్పత్రి లేచేది కాదు.

నా మాటకు తాత్త్వికంగా ఎదురయ్యే ప్రశ్న ఇంకా మిగిలింది. అర్థం పడినవాడే చెప్పాలంటే, చెప్పలేనివాళ్ల మాటేమిటి? నోరు రాని పసిబిడ్డ, మతిలేని మనిషి, మాట్లాడేలోగా చనిపోయినవాడు? దొస్తొయెవ్‌స్కీ 1880లో ముగించిన ‘కరమజోవ్ సోదరులు’లో ఇవాన్ వేసిన ప్రశ్న ఇదే. లోకమంతా చివరికి చక్కబడినా, ఆ చక్కదనానికి ఒక పసిదాని కన్నీరు మూల్యమైతే నాకు ఆ లోకంలో చోటు వద్దంటాడు. దీనికి క్రైస్తవం దగ్గర వివరణ లేదు, ఉందన్నవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఉన్నది ఒక ఆశ: చనిపోయినవాళ్లు లేస్తారని, వాళ్ల కన్నీళ్లు తుడిచేవాడు ఉన్నాడని. ఆశను వివరణగా మార్చి, పైకి వెళ్లింది కనక బిడ్డ పోవడం మంచిదే అనడం ఎలీఫజు పద్ధతి. లేచిన క్రీస్తు దేహం మీద మేకుల గుర్తులు మాయం కాలేదని, తోమా వాటిని చూశాడని యోహాను సువార్తలో ఉంది. గాయం జరగనట్టు చేసే పునరుత్థానం కాదది. ఇక అంతవరకూ మనం చేయాల్సింది మత్తయి ఇరవై ఐదులో ఉంది. తీర్పు రోజున రాజు ఆకలికి మీరేం అర్థం చెప్పారని అడగడు, తిండి పెట్టారా అని అడుగుతాడు. బాధకు విమోచన శక్తి ఉందని గట్టిగా బోధించే కథోలిక సంఘం మాట కూడా దీనికి దూరం కాదు. 1981లో తుపాకి దెబ్బ తిన్న పోపు జాన్ పాల్ 2, 1984 ఫిబ్రవరి 11న బాధ మీద ఒక లేఖ వెలువరించాడు. క్రీస్తు శ్రమల్లో పాలుపొందడం గురించి చెప్పి చెప్పి, చివర్లో ఒక అధ్యాయమంతా మంచి సమరయుడి మీద పెట్టాడు. దారిలో పడి ఉన్నవాడికి కట్టుకట్టి, గాడిద మీద ఎక్కించి, పూటకూళ్ల ఇంట్లో డబ్బు కట్టినవాడి మీద.

మన సంఘాల సంగతి చూస్తే దిగులేస్తుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆదరణ కూటం పెడతారు. మంచి ఆచారం, ఊరంతా వచ్చి కూర్చోవడమే సగం ఆదరణ. తర్వాత ఒకాయన మైకు తీసుకుని, దేవుడికి పూలు కావాలి కనక కోసుకున్నాడని మొదలుపెడతాడు. ముందు వరసలో కూర్చున్న తల్లి తలవంచుకుంటుంది, ఆమెను ఎవరూ అడగలేదు. స్వస్థత కూటాల్లో ఇంతకంటే కఠినం. తగ్గితే దేవుడి మహిమ, తగ్గకపోతే నీ విశ్వాసం చాలలేదు. కర్మ సిద్ధాంతం నుంచి పారిపోయి వచ్చినవాడికి గుమ్మంలోనే అదే సిద్ధాంతం కొత్త బట్టలు కట్టుకుని ఎదురైంది. రోగం ఒకటి, రోగానికి నేనే కారణమన్న నేరం ఒకటి, రెండూ మోస్తూ ఇంటికి పోతాడు. పైకి భక్తిలా కనిపించే ఈ మాట నాకు బైబిలుకు సూటిగా విరుద్ధంగా కనిపిస్తుంది.

క్షమాపణ విషయంలో కూడా ఇదే గీత వర్తిస్తుంది. అప్పటికి గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బతికినవాళ్లు మృతుల్ని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని పోరాడి ప్రత్యేక కోర్టు రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఇలాంటి ఊళ్లకు బయటినుంచి వెళ్లి, శత్రువును ప్రేమించమన్నాడు కదా, మరిచిపోండి అనడం తేలిక. యేసు తనను కొట్టినవాళ్లను తను క్షమించాడు. పక్కన వేలాడుతున్న దొంగను నువ్వూ క్షమించు అనలేదు. యోబు కథలో చివరికి ఆ ముగ్గురు మిత్రులకు దేవుడు చెప్పింది ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు తోలుకుని యోబు దగ్గరికే వెళ్లమని, అతను ప్రార్థిస్తేనే వాళ్లను మన్నిస్తానని. మాటలతో గాయపరచినవాళ్లకే ఆ షరతు పెడితే కత్తులతో గాయపరచినవాళ్లకు ఏం పెట్టాలి? చుండూరు వాళ్లు కోర్టు గుమ్మం దగ్గర నిలబడి ఉండగా వాళ్లకు క్షమాపణ మీద ప్రసంగం చేయబోయే ఏ పాస్టరైనా, ఏ బిషప్పైనా ముందు ఎద్దుల్ని తోలుకురావలసింది అవతలి వీధి నుంచని గుర్తుపెట్టుకోవాలి. ఆ వీధికి వెళ్లి ఆ మాట చెప్పే ధైర్యం తెచ్చుకోవాలి.